పంపినవాళ్లే సంతకం పెట్టాలి: రక్షణ శాఖకు ఒక మాజీ సుబేదార్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి, సైనిక ప్రధానాధికారి గారికి, ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిక్షణ కేంద్రం అధికారులకు నమస్కారం.

సికింద్రాబాద్ చుట్టుపక్కల నుంచి, అంటే యాప్రాల్, సైనిక్‌పురి, అల్వాల్ నుంచి మాజీ సైనికులు మీకు రాసే ఉత్తరాలు ఎక్కువగా పెన్షన్ గురించో, వైద్యం గురించో ఉంటాయి. నేను వేరే సంగతి రాస్తున్నాను. శాంతిసేనలో పనిచేసి వచ్చిన మన జవాన్లలో కొందరు యుద్ధ నేరస్తులతో బేరాలు జరిగిన చోట ఉన్నారు. కొందరు మాట్లాడారు, కొందరు తలుపు దగ్గర కాపలా కాశారు, సిగ్నల్స్‌లో పనిచేసిన నాలాంటివాళ్లు ఆ మాటలు వైర్‌లెస్‌లో పైకి పంపారు. ఆ బేరాల వల్ల ప్రాణాలు దక్కిన సందర్భాలున్నాయి. అయినా వాటి భారం రిటైరయ్యాక కూడా మోస్తున్నది వాళ్లే. వెళ్లి మాట్లాడమని చెప్పినవాళ్ల పేర్లు మాకు తెలిసిన ఏ కాగితం మీదా లేవు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2025 జనవరిలో తూర్పు కాంగోలోని గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల చేతుల్లోకి పోయింది. 2012 నవంబరులో కూడా ఒకసారి ఇలాగే పోయింది. మనవాళ్లు ఏళ్ల తరబడి కాపలా కాసిన ప్రాంతం అది. మన ఆర్మీ డాక్టర్లు ఆసుపత్రి నడిపిన ఊరు. ఆ తర్వాత ఖతర్‌లో చర్చలు మొదలయ్యాయి. రేపు ఏదో ఒక తుది ఒప్పందం కుదురుతుంది. దాన్ని అమలు చేయించడానికి సమితి శాంతిసేన నీలం టోపీలు పెట్టుకున్న సైనికులే వెళ్లాలి. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉంటారు.

గోమాలో తిరుగుబాటు నాయకుడు బోస్కో ఎన్తగాండా పేరు తెలియనివాళ్లు లేరు. పిల్లల చేతికి తుపాకులిచ్చి పోరాటంలోకి దింపాడని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2006లో అతని మీద అరెస్టు వారెంట్ జారీ చేసింది, 2008లో దాన్ని బయటపెట్టింది. 2009లో కుదిరిన రాజీలో కాంగో ప్రభుత్వం అతన్ని తన సైన్యంలో జనరల్‌ని చేసింది. ముందు శాంతి, తర్వాతే న్యాయం అన్నారు. వారెంట్ ఉన్న మనిషి గోమా హోటళ్లలో భోంచేశాడు, టెన్నిస్ ఆడాడు, అందరూ చూశారు. అతను జనరల్‌గా ఉన్న సైన్యానికే శాంతిసేన రేషన్, పెట్రోలు, లారీలు ఇచ్చి సాయపడింది. 2012లో అతను మళ్లీ తిరగబడ్డాడు. ఎం23 పుట్టింది ఆ తిరుగుబాటులోంచే. 2013 మార్చిలో రువాండా రాజధాని కిగాలీలోని అమెరికా రాయబార కార్యాలయానికి తనంతట తనే వచ్చి లొంగిపోయాడు, 2019లో 30 ఏళ్ల శిక్ష పడింది. అంటే ఆ బేరం కొనిపెట్టిన శాంతి మూడేళ్లు. ఆ మూడేళ్లూ అతని కారు పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూసిన సైనికుడికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

మా వాళ్లలో ఒక హవల్దార్ ఉన్నాడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరు, ఇప్పుడు అల్వాల్‌లో ఉంటున్నాడు. పేరు రాయను. కాంగోలో వాళ్ల పోస్టుకు దగ్గర్లోని ఊళ్ల మీద ఒక ముఠా పడింది. గాయపడ్డవాళ్లను బండ్లలోకి ఎత్తినవాళ్లలో ఇతనూ ఉన్నాడు. అవతలి ఊళ్లో ఇంకా చాలామంది మిగిలిపోయారు. దారి ముఠా చేతిలో ఉంది. దారి వదలమని అడగాలంటే దాడి చేయించిన మనిషినే అడగాలి. అతన్ని పోస్టుకు పిలిచారు. టేబుల్ వేశారు, కుర్చీలు వేశారు. చాయ్ ఇచ్చే పని ఈ హవల్దార్ మీద పడింది. ఇచ్చాడు. ఆ మనిషి తీరిగ్గా తాగాడు. చివరికి దారి వదిలాడు. గాయపడ్డవాళ్లు గోమా చేరారు, వాళ్లలో చాలామంది బతికారు. ఎలా లెక్క వేసినా అది మంచి పనే. యూనిట్‌లో అందరూ మెచ్చుకున్నారు కూడా.

హవల్దార్ మాత్రం రీయూనియన్లకు రావడం మానేశాడు. అక్కడ ఎవరో ఒకరు పాత ఫోటోలు బయటికి తీస్తారు. వాటిలో ఆ రోజుది ఒకటుంది, అందులో ట్రే పట్టుకుని ఇతను నిలబడి ఉంటాడు. "సాబ్, బతికినోళ్ల మొఖాలు యాదికి రావు. ఆడు చాయ్ తాగి మంచిగుందని తలూపిండు చూడు, అదే యాదికొస్తది" అన్నాడు నాతో. ఇది భయం కాదు. పటాకుల చప్పుడుకు ఉలిక్కిపడే మనిషి కాడు. డాక్టర్ దగ్గరికి వెళ్తే బీపీ చూసి నిద్రమాత్రలు రాశారు. అక్కడ ఏమని చెప్పుకుంటాడు? చాయ్ ఇచ్చాను, అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదని చెబితే వినే ఓపిక ఎవరికుంది?

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే మానసిక వైద్యుడు ఈ బాధను 1990లలోనే వేరుగా గుర్తించాడు. చావు భయంతో తగిలే దెబ్బ ఒకటి. ప్రాణాల మీదికి వచ్చిన సమయంలో, అధికారం ఉన్నవాళ్లు న్యాయమైనదాన్ని వమ్ము చేసినప్పుడు తగిలే దెబ్బ ఇంకొకటి. రెండోదానికి నిద్రమాత్ర పనిచేయదు. అధికారం ఉన్నవాళ్లు అన్న మాట దగ్గర మీరు కాసేపు ఆగాలని నా మనవి. హవల్దార్ మనసులో ఉన్న ప్రశ్న అతని గురించి మాత్రమే కాదు. తనను అక్కడ నిలబెట్టినవాళ్ల గురించి కూడా.

అసలు బేరమే వద్దని నేను అనడం లేదు. మన సైన్యానికే బాగా తెలిసిన పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్ సంగతి చూడండి. జనం చేతులు నరికిన ఆర్‌యూఎఫ్ ముఠాతో 1999 జూలైలో లోమే నగరంలో ఒప్పందం కుదిరింది. ముఠా నాయకుడు ఫోడే సంకోకు ఉపాధ్యక్షుడి హోదా ఇచ్చారు, వజ్రాలూ ఇతర ఖనిజాల మీద అజమాయిషీ చేసే కమిషన్ అప్పగించారు, పైగా క్షమాభిక్ష. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి మాత్రం సంతకం పెడుతూ ఒక మాట చేర్చాడు: మారణహోమానికి, మానవత్వంపై నేరాలకు, యుద్ధ నేరాలకు ఈ క్షమాభిక్ష వర్తించదని. ఆ రోజు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకుని ఉండరు. మరుసటి ఏడాది ప్రత్యేక కోర్టు పెట్టాలని తీర్మానించినప్పుడు భద్రతా మండలి ఆ మాటనే గుర్తు చేసింది. ఒక అధికారి కాగితం మీద తన పేరుతో రాసిన ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో చూడండి.

ఒప్పందం జరిగి ఏడాది తిరక్కుండానే, 2000 మే నెలలో, ఆ ముఠా దాదాపు 500 మంది శాంతిసైనికుల్ని పట్టుకుంది. కైలాహున్‌లో మన గూర్ఖా రైఫిల్స్ కంపెనీలు రెండింటిని చుట్టుముట్టింది. ఆయుధాలు కింద పెడితే పోనిస్తామన్నారు. మనవాళ్లు పెట్టలేదు. రెండు నెలలకు పైగా ఆ ముట్టడిలోనే ఉన్నారు. జూలై 15న ఆపరేషన్ ఖుక్రీ మొదలైంది, దారి తెరుచుకుంది, మనవాళ్లు బయటపడ్డారు. ఒక హవల్దార్ ప్రాణం ఇచ్చాడు. ఈ కథ మీరు గర్వంగా చెబుతారు, చెప్పాల్సిందే.

అంతగా చెప్పని సగం ఇంకోటి ఉంది. మిగతా బందీల్లో వందలమంది ఇల్లు చేరింది లైబీరియా అధ్యక్షుడు ఛార్లెస్ టేలర్ మధ్యవర్తిత్వంతో. ముఠాకు ఆయుధాలు చేర్చి వజ్రాలు తీసుకున్నవాడు ఆ టేలరే. 2012లో ఆ ప్రత్యేక కోర్టు ఆ నేరాల్లో అతని పాత్ర తేల్చి 50 ఏళ్ల శిక్ష వేసింది. బందీ పట్టినవాడికి అండగా ఉన్నవాడి చలవతో బయటపడ్డ సైనికుడు ఏమనుకోవాలి? అతన్ని విడిపించడం తప్పా? కాదు. ఆ బందీ నా కొడుకైతే టేలర్ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకునేవాణ్ణి. కానీ ఆ బేరం అక్కడితో ముగిసిపోలేదు. 2009లో ముఠా కమాండర్లు ముగ్గురికి 52 ఏళ్లు, 40 ఏళ్లు, 25 ఏళ్ల శిక్షలు పడ్డాయి. శాంతిసేన మీద దాడులు కూడా ఆ నేరాల్లో ఒకటి. ఆ కేసులో ఇతర దేశాల శాంతిసైనికులు వెళ్లి సాక్ష్యం చెప్పారు. తమను పట్టుకున్నవాళ్ల గురించి కోర్టులో నిలబడి చెప్పే అవకాశం ఆ సైనికులకు దొరికింది. మా హవల్దార్‌కి అలాంటి చోటు ఏదీ లేదు.

ఇక నా మనసును ఎక్కువగా పట్టి ఉంచేది స్రెబ్రెనిత్సా. అది బోస్నియాలో ఐక్యరాజ్యసమితి సురక్షిత ప్రాంతమని ప్రకటించిన ఊరు. 1995 జూలై 11న సెర్బు సైన్యం దాన్ని పట్టుకుంది. ఆ రాత్రి, అక్కడ కాపలా ఉన్న శాంతిసేన డచ్ పటాలం కమాండర్ కరెమన్స్‌ను సెర్బు సైన్యాధిపతి రాట్కో మ్లాదిచ్ బ్రాతునాత్స్ ఊళ్లోని హోటల్ ఫోంటానాకు రప్పించాడు. అప్పటికే డచ్ సైనికులు కొందరు మ్లాదిచ్ చేతిలో బందీలు. విమానాల సాయం ఎన్నిసార్లు అడిగినా వచ్చింది అంతంత మాత్రం. బేరం ఆడటానికి కరెమన్స్ చేతిలో ఏమీ లేదు. మ్లాదిచ్ కెమెరాల ముందే అతన్ని గద్దించాడు. మ్లాదిచ్ పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ కరెమన్స్‌ను ఆ తర్వాత ప్రపంచమంతా చూసింది. కొద్ది రోజుల్లో 8,000 మందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను చంపేశారు.

మర్నాడు పొద్దున అదే హోటల్లో ఇంకో సమావేశం జరిగింది. ఊరి జనం తరఫున ముగ్గురు వెళ్లారు. వాళ్లలో ఒకాయన ఇబ్రో నుహానోవిచ్. ఆయన కొడుకు హసన్ శాంతిసేన దగ్గర దుబాసీ. జూలై 13న, ఆ ఊరి పక్కనే పొటొచారిలో ఉన్న డచ్ శిబిరంలో తలదాచుకున్నవాళ్లందరినీ బయటికి వెళ్లమన్నారు. హసన్ ఉద్యోగి కాబట్టి ఉండొచ్చు. అమ్మ, తమ్ముడు వెళ్లాలి. బేరానికి వెళ్లినవాడు కాబట్టి ఇబ్రోను కూడా ఉండమన్నారు. చిన్నకొడుకును ఒంటరిగా పంపలేక ఆయనా బయల్దేరాడు. ముగ్గురూ గేటు దాటారు. ముగ్గురినీ చంపేశారు. వెళ్లిపొమ్మన్న ఆ ఆజ్ఞను తన ఇంటివాళ్లకు వాళ్ల భాషలో చెప్పాల్సి వచ్చింది హసన్‌కే. పైనుంచి వచ్చిన మాటను కిందికి, కింది మాటను పైకి చేర్చే ఉద్యోగం నేనూ చేశాను. ఆ గేటు దగ్గర హసన్ నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చి ఉంటుందో ఆలోచించకుండా ఉండలేను.

2013 సెప్టెంబరులో డచ్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇబ్రో, ఆయన చిన్నకొడుకు, అదే శిబిరంలో పనిచేసిన రిజో ముస్తాఫిచ్ అనే ఎలక్ట్రీషియన్, ఈ ముగ్గురి చావుకు డచ్ ప్రభుత్వమే బాధ్యత వహించాలంది. సమితి టోపీ పెట్టుకున్నాం కాబట్టి బాధ్యత సమితిదే అన్న వాదన నిలవలేదు. 2019లో, శిబిరంలోంచి పంపేసిన దాదాపు 350 మంది మగవాళ్ల విషయంలో 10 శాతం బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. అంతకుముందు 2002లో, జరిగినదానిపై విచారణ నివేదిక వచ్చాక, ప్రధాని విమ్ కోక్ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ పటాలం సైనికులకు డచ్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2022లో. అంటే 27 ఏళ్లకు. సరైన సాధనాలు ఇవ్వకుండా, సాధ్యం కాని పనికి పంపామని ఒప్పుకున్నారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు కూడా అదే ఏడాది క్షమాపణ చెప్పారు. మ్లాదిచ్‌కు 2017లో యావజ్జీవ శిక్ష పడింది, 2021లో అది ఖాయమైంది.

కరెమన్స్‌ను నేను వెనకేసుకు రావడం లేదు. బేరంలో ఇవ్వదగ్గవి ఉంటాయి. పెట్రోలు ఇవ్వొచ్చు, రేషన్ ఇవ్వొచ్చు, పోస్టు ఖాళీ చేయొచ్చు, పరువు పోగొట్టుకోవచ్చు, చాయ్ ఇవ్వొచ్చు. మనల్ని నమ్మి గేటు లోపలికి వచ్చిన మనుషుల్ని ఇవ్వడానికి లేదు. దానికి ఏ ఆజ్ఞా సాకు కాదు. అయితే ఆ గీత ఎక్కడుందో అర్ధరాత్రి శత్రువు హోటల్లో కూర్చున్న ఒక అధికారి తనంతట తాను వెతుక్కునే పరిస్థితి రాకూడదు. బయల్దేరేముందే గీసి, కింద సంతకం పెట్టి చేతికివ్వాలి.

రువాండాలో శాంతిసేన కమాండర్ రోమియో డలేర్ 1994లో హంతక ముఠా నాయకులతో కూర్చోవాల్సి వచ్చింది, చిక్కుకుపోయిన జనాన్ని సురక్షితంగా తరలించడానికి. కోపం ఆపుకోలేక కాల్చేస్తానేమోనని ముందే తన పిస్తోలులోంచి తూటాలు తీసేశానని ఆయనే చెప్పుకున్నాడు. మారణహోమం జరుగుతుండగానే, ఏప్రిల్ 21న, భద్రతా మండలి ఆయన సేనను 270 మందికి కుదించమని తీర్మానించింది. తర్వాత ఏళ్ల తరబడి ఆయన మనసు కుదుటపడలేదు. చచ్చిపోవాలని కూడా ప్రయత్నించాడు, ఆ సంగతి దాచుకోకుండా చెప్పాడు. జనరల్ స్థాయి మనిషికే అలా అయితే సిపాయి సంగతి ఏమిటి? అదే రువాండాలో సెనెగల్ కెప్టెన్ ఎంబాయే డియాన్యే చెక్‌పోస్టుల దగ్గర హంతకులతో నవ్వుతూ మాట్లాడి, సిగరెట్లు పంచి, జనాన్ని తన బండిలో దాటించాడు. అలా వందల ప్రాణాలు కాపాడాడు. మే 31న మోర్టార్ షెల్ పేలి చనిపోయాడు. ఆయన పేరు మీద సమితి 2014లో ధైర్య పతకం పెట్టింది. హంతకుడికి సిగరెట్ ఇచ్చిన చేతిని చూసి ఈ రోజు ఎవరూ తప్పు పట్టరు. ఆయన బతికుంటే ఎలా నిద్రపోయేవాడో మాత్రం మనం ఊహించలేం.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి అనుకోకండి. మా తాతగారి ఊరు బైరాన్‌పల్లికి దగ్గర. 1947 నవంబరు 29న ఢిల్లీకీ నిజాంకూ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. అది అమల్లో ఉండగానే, 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం పోలీసులు బైరాన్‌పల్లి మీద పడి మనుషుల్ని వరసగా నిలబెట్టి కాల్చారు. మూడు వారాలకు మన సైన్యం హైదరాబాద్ వచ్చింది. ఆ తర్వాత ముస్లిముల మీద జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను దశాబ్దాలు బయటికి రానివ్వలేదు. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. బేరాలు ఆడినవాళ్ల జ్ఞాపకాలు అచ్చయ్యాయి. బైరాన్‌పల్లి బురుజు దగ్గర చచ్చినవాళ్ల పిల్లలకు ఎవరు ఏం లెక్క చెప్పారు?

అందుకే నేను అడిగేది సూటిగా రాస్తున్నాను. శాంతిసేనలో మన అధికారినో జవాన్‌నో ఇలాంటి మనిషి ముందు కూర్చోబెట్టాలని నిర్ణయిస్తే, ఆ నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలి. సమితి ఆదేశమైనా సరే, మన వైపు నుంచి దాన్ని ఒప్పుకున్నవాళ్ల పేరు, హోదా, సంతకం అందులో ఉండాలి. ఏం అడగాలో, ఏం ఇవ్వొచ్చో, ప్రాణం పోయినా ఏది ఇవ్వకూడదో అందులో ఉండాలి. వైర్‌లెస్‌లో "నీ విచక్షణ ఉపయోగించు" అని చెప్పి వదిలేయడం కుదరదు. టైమ్ లేనప్పుడు, బందీల మెడ మీద కత్తి ఉన్నప్పుడు కాగితం ముందు రాదని నాకూ తెలుసు. అప్పుడు 24 గంటల్లోపు రావాలి. ఆ కాగితం నకలు అక్కడ ఉన్న ప్రతి జవాన్ సర్వీసు రికార్డులో చేరాలి. రేపు అతని కూతురు "నాన్నా, ఈ ఫోటోలో నీ పక్కనున్నది ఎవరు?" అని అడిగితే చూపించడానికి అతని దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఫోటోల సంగతి కూడా తేల్చండి. అలాంటి సమావేశాల్లో రికార్డు కోసం తీసేవి తప్ప వేరే ఫోటోలు వద్దు. బహుమతులు తీసుకోవద్దు, కలిసి తినడం తాగడం తప్పనిసరి చేయొద్దు. చాయ్ ఇవ్వడం నావల్ల కాదన్న జవాన్‌ను ఆ పనిలోంచి తప్పించాలి, అతని మీద చార్జి పెట్టకూడదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన రోమ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. ఎందుకు చేరలేదో, చేరాలో వద్దో వాదించేంత చదువు నాకు లేదు. కానీ మన జవాన్లు కళ్లారా చూసినవి వాళ్లతోనే పోకూడదు. మిషన్ ముగిసి వచ్చినప్పుడు ప్రతి ఒక్కరి వాంగ్మూలం తీసుకుని భద్రపరచండి. ఏ కోర్టయినా పిలిస్తే వెళ్లి చెప్పుకునే అనుమతి, లాయరు సాయం ఇవ్వండి. రిటైరైనవాళ్లకు కూడా.

వైద్యం గురించి ఒక్క మాట. మనసు బాగాలేదని చెబితే లో మెడికల్ కేటగిరీలో పడేస్తారని, ప్రమోషన్ పోతుందని ప్రతి జవాన్‌కూ టెన్షన్. ఇంటికొస్తే, ఎర్రగడ్డకు పోవాలా అని చుట్టాలు అంటారు. అందుకని మిషన్ నుంచి వచ్చిన అందరితోనూ మాట్లాడించండి. అడిగినవాళ్లతో మాత్రమే అయితే ఎవరూ అడగరు. ఆ మాటలు మెడికల్ రికార్డులోకి ఎక్కకూడదు. హిందీలోనో ఇంగ్లీషులోనో కాకుండా తెలుగు జవాన్‌తో తెలుగులో మాట్లాడే మనిషి ఉండాలి. అంత బరువు మాట పరాయి భాషలో రాదు.

1950లో కొరియాకు వైద్య బృందాన్ని పంపిన నాటి నుంచి రెండున్నర లక్షల మందికి పైగా భారతీయులు శాంతిసేనలో పనిచేశారు. 150 మందికి పైగా ప్రాణాలిచ్చారు. చనిపోయినవాళ్ల పేర్లు మీ దగ్గర రాసి ఉన్నాయి. బతికొచ్చినవాళ్లలో ఎవరు ఎవరితో కూర్చోవాల్సి వచ్చిందో రాసిన పుస్తకం కూడా ఒకటి తెరవండి. మొదటి పేజీలు సికింద్రాబాద్ నుంచే మొదలుపెట్టవచ్చు. కంటోన్మెంట్‌లో ఒక గది, తెలుగు వచ్చిన ఒక డాక్టర్, రాసుకోవడానికి ఒక అధికారి చాలు. యాప్రాల్, అల్వాల్, బొల్లారం నుంచి మాలో కొందరం వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాం. ఏ ఆదివారమైనా సరే. ఈ లేఖ బహిరంగంగా రాశాను కాబట్టి జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరైన ఒక సుబేదార్,
యాప్రాల్, హైదరాబాద్